కారుతున్న ప్లాస్టిక్ పైపును ఇంట్లోనే బాగు చేసుకోవడం

మిద్దె మీది ట్యాంకు నుంచి గోడ వెంబడి దిగే పైపు కారడం మొదలైతే, దాని మీద ఎం-సీల్ మెత్తి ఊరుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. నీటి ఒత్తిడి లోపలి నుంచి బయటికి తోస్తూనే ఉంటుంది కనుక, పైన అంటించిన ముద్ద ఎండకూ వానకూ పట్టు వదిలేస్తుంది. తెల్లవారేదాకా నెట్టుకురావడానికైతే సైకిల్ ట్యూబు ముక్కను బిగుతుగా చుట్టి తీగతో కట్టినా చాలు; శాశ్వతంగా ఆగాలంటే మాత్రం పగిలిన భాగాన్ని కోసి తీసి, కొత్త ముక్క అతికించాల్సిందే.

ముందుగా కారుతున్న చోటును కచ్చితంగా తేల్చుకోవాలి. పగులులోంచి వచ్చిన నీరు పైపు వెంట జారి, కిందనున్న ఎల్బో (వంపు ముక్క) దగ్గర బొట్లుగా రాలుతుంది కాబట్టి తడి కనిపించిన చోటే చిల్లు ఉందనుకోకూడదు. పైపును పొడిగుడ్డతో తుడిచి, పాత న్యూస్‌పేపర్ ముక్కను పై నుంచి కిందికి ఆనిస్తూ వస్తే, అది మొదట తడిసే చోట లోపం ఉంటుంది.

సామాన్లు కొనేముందు పైపు మీద అచ్చువేసిన రకాన్ని, సైజును రాసుకోవాలి. చన్నీళ్లకు వాడే తెల్లటి యూపీవీసీకీ, గీజరు నుంచి వచ్చే మీగడ రంగు సీపీవీసీకీ సైజు ముప్పావు అంగుళమే అయినా బయటి చుట్టుకొలత వేరు. అతికించే సాల్వెంట్ సిమెంటు (పైపుల జిగురు) కూడా వేరు. రెండు పైపు కొసలను కలిపే కప్లింగులు, కొత్త పైపు ముక్క, ఆ రకానికి తగిన సిమెంటు, హాక్సా బ్లేడు, ఎమ్రీ కాగితం ఉంటే పని నడుస్తుంది.

మోటారు స్విచ్చి ఆపి, ట్యాంకు దగ్గరి గేట్ వాల్వు మూసి, అన్నిటికన్నా కిందనున్న కుళాయి తిప్పి పైపును ఖాళీ చేయాలి. పగులుకు రెండువైపులా రెండేసి అంగుళాలు వదిలి, బ్లేడు వాలకుండా పైపుకు సరిగ్గా అడ్డంగా కోయాలి. పైపును గోడకు పట్టి ఉంచే క్లాంపులు రెండు ఊడదీసినా పైపు అటూ ఇటూ ఆడకపోతే, కొత్త ముక్క కప్లింగుల్లోకి దూరదు. అప్పుడు ఒకవైపు యూనియన్ (మర విప్పి బిగించుకునే జోడింపు) పెట్టుకోవడమే మార్గం. కోసిన అంచులను ఎమ్రీతో నున్నగా చేసి, సిమెంటు పూయకుండానే ఒకసారి అమర్చి, పైపు ఎంత లోతుకు దిగుతుందో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి.

అతుకు నిలవడమంతా తడి లేకపోవడం మీదే ఆధారపడి ఉంటుంది. వాల్వు సరిగా మూసుకోక సన్నటి ధార వస్తూనే ఉంటే, అంచు తీసేసిన బ్రెడ్డు ముక్కను ముద్దచేసి పైపులోకి కూరాలి. అది కాసేపు నీటిని ఆపి, తరవాత కరిగి కుళాయిలోంచి బయటికి వచ్చేస్తుంది. ఈ కిటుకు వాడితే కుళాయి మూతికున్న జల్లెడను ముందే విప్పి ఉంచాలి.

పైపు మీద సిమెంటును గీత దాకా చుట్టూ సమంగా, కప్లింగు లోపల పలచగా పూసి, ఆరిపోకముందే పావు చుట్టు తిప్పుతూ గీత దాకా నెట్టి, అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. వెంటనే వదిలితే పైపు వెనక్కి జరుగుతుంది. డబ్బా మీద రాసిన ఆరే సమయం ముగిసేదాకా నీళ్లు వదలకూడదు. ఆ రాత్రంతా ఆరనిస్తే మరీ మంచిది.

కారేది మరబిగించిన చోటైతే కోత అక్కరలేదు. పాత టెఫ్లాన్ టేపును పూర్తిగా తీసి, మర చివరను మనవైపు తిప్పుకొని, గడియారం ముల్లు తిరిగే దిశలో ఆరేడు చుట్లు లాగి చుట్టాలి. ప్లాస్టిక్ మరను చేత్తో బిగించాక స్పానరుతో కొంచెం తిప్పితే చాలు. బలమంతా చూపిస్తే ఫిట్టింగు చీలుతుంది.

చివరగా కుళాయి తెరిచే ఉంచి, వాల్వును నెమ్మదిగా తిప్పి లోపలి గాలిని పోనివ్వాలి. కుళాయి కట్టేశాక, అతుకుల చుట్టూ మళ్లీ పొడి న్యూస్‌పేపర్ ముక్కతో చూసుకోవాలి.