నెట్‌వర్కింగ్ రీసెర్చ్‌కి ప్రభుత్వ గ్రాంట్ అడగాలంటే ముందు ప్రశ్న తేల్చుకోండి

కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, 5జీ మీదో హై స్పీడ్ నెట్‌వర్క్‌ల మీదో పరిశోధన చేద్దామని ఉండి, గ్రాంట్ ఎలా అడగాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నేను చూసినంతలో ప్రపోజల్ వెనక్కి రావడానికి పెద్ద కారణం ఒకటే. బేసిక్ రీసెర్చ్‌కిచ్చే డబ్బు అడుగుతూ, లోపలంతా ఏం తయారు చేస్తామో రాస్తారు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ఎక్కడా ఉండదు.

కాబట్టి ముందు ఎవర్ని అడగాలో చూసుకోండి. మీ దగ్గరున్నది ఇంకా జవాబు దొరకని ప్రశ్న అయితే ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కి (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) వెళ్లండి. 2023 చట్టంతో వచ్చిన సంస్థ ఇది, ఇంతకుముందు గ్రాంట్లిచ్చిన సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డ్) ఇందులోనే కలిసిపోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంట్ అని విడిగా ఉంది, మూడేళ్లకి 60 లక్షల దాకా ఇస్తారు. వయసు, సర్వీసు షరతులు మాత్రం ఆ ఏడాది కాల్‌లోనే (దరఖాస్తులకి పిలుస్తూ ఇచ్చే ప్రకటన) చదువుకోండి, ఎవరో చెప్పింది నమ్మి ఊరుకోవద్దు. అలా కాక, పల్లెలకి పనికొచ్చే టెక్నాలజీని తయారు చేసే దశకి వచ్చేసి ఉంటే టెలికాం శాఖ 2022 అక్టోబర్ 1న మొదలుపెట్టిన టీటీడీఎఫ్ (టెలికాం టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్) ఉంది.

ఇక ప్రశ్న. అసలు టైమంతా పెట్టాల్సింది ఇక్కడే. "6జీలో వేగం పెంచడం" అనేది ప్రశ్న కాదు, కోరిక. ఇంకా లోపలికి దిగండి. మిల్లీమీటర్ వేవ్ (5జీలో వాడే చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు) లింక్‌కి వేపచెట్టు అడ్డమొస్తే సిగ్నల్ పడిపోతుంది, ఆకులు వానకి తడిస్తే ఇంకా పడిపోతుంది, గాలికి కొమ్మ ఊగిందంటే లింక్ వేగం చూస్తుండగానే పైకీ కిందకీ కొడుతుంది, కానీ డేటా పంపే వైపున్న టీసీపీకి (ఎంత వేగంగా పంపాలో తేల్చే ఇంటర్నెట్ ప్రోటోకాల్) ఆ సంగతి కాస్త ఆలస్యంగా గానీ తెలియదు, ఈలోగా డేటా ప్యాకెట్లు బేస్ స్టేషన్ (టవర్ దగ్గరి పరికరం) బఫర్‌లో, అంటే పంపేదాకా డేటా దాచుకునే చోట, పేరుకుపోతాయి. మరి సిగ్నల్ పడిపోబోతోందని రేడియో వైపు ఎంత ముందుగా పసిగట్టొచ్చు? ఆ కబురు టీసీపీకి అందితే ఆలస్యం ఎంత తగ్గుతుంది? ఇది కొలవగలిగే ప్రశ్న. ఆలస్యం తగ్గుతుందని తేలినా తగ్గదని తేలినా కొత్త సంగతి తెలిసినట్టే.

ఇలాంటి ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకుల్ని చూడండి. ఫోన్ పంపే సిగ్నల్‌లో ఎగుడుదిగుళ్లు ఎక్కువైతే దాని యాంప్లిఫయర్‌ని పూర్తి పవర్‌తో నడపలేం, దాంతో టవర్‌కి దూరంగా ఉన్న ఫోన్ సిగ్నల్ అక్కడిదాకా చేరదు. పై బై టూ బీపీఎస్‌కే (π/2 BPSK) అనే మాడ్యులేషన్‌ని, అంటే డేటాని రేడియో తరంగం మీదకి ఎక్కించే పద్ధతిని, తగిన ఫిల్టర్‌తో వాడితే ఆ ఎగుడుదిగుళ్లు బాగా తగ్గుతాయి. వాళ్లు పట్టుబట్టి పని చేసిన ఈ పద్ధతి 5జీ మొదటి ప్రమాణాల్లోనే చోటు సంపాదించింది.

బడ్జెట్ విషయానికొస్తే, పరికరాలు దట్టించకండి. 2018లో మంజూరైన 224 కోట్లతో 8 సంస్థలు కలిసి కట్టిన 5జీ టెస్ట్‌బెడ్ (పరీక్షలు చేసుకునే నెట్‌వర్క్) ఉంది, బయటివాళ్లూ వాడుకోవచ్చు. అందులో చేసే పరీక్షకి మీరు విడిగా బేస్ స్టేషన్ కొంటామంటే ఎందుకని రివ్యూవర్ కచ్చితంగా అడుగుతారు. రెండు సాఫ్ట్‌వేర్ రేడియోలు (కంప్యూటర్ ప్రోగ్రాంతో పనితీరు మార్చుకోగల రేడియోలు), ఒక మంచి కంప్యూటర్ అడిగి మిగతాది మనుషుల మీద పెట్టండి. జేఆర్‌ఎఫ్‌కి (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో) 2023 నుంచి నెలకి 37,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ, మూడేళ్లకి లెక్క వేసి రాయండి.

రేడియోలు వచ్చాక వెంటనే యాంటెన్నా తగిలించొద్దు. గాల్లోకి సిగ్నల్ వదలాలంటే టెలికాం శాఖలో స్పెక్ట్రమ్ చూసే డబ్ల్యూపీసీ దగ్గర ప్రయోగాల లైసెన్స్ కావాలి, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. అది వచ్చేదాకా రెండు రేడియోల్నీ కేబుల్‌తో కలిపి పని సాగించండి, మధ్యలో 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలాన్ని తగ్గించే చిన్న పరికరం) తప్పనిసరి, లేకపోతే రిసీవర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

గ్రాంట్ వచ్చిన రోజు నుంచే ఖర్చుల రిజిస్టర్ మొదలెట్టండి. ఏటా జీఎఫ్‌ఆర్ (ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు) 12ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికిచ్చారో దానికే వాడామని ధ్రువపత్రం, ఇవ్వాలి, అది వెళ్లకపోతే తర్వాతి వాయిదా డబ్బు ఆగిపోతుంది, వాయిదా ఆగితే ముందు జీతం ఆగేది ఆ జేఆర్‌ఎఫ్ పిల్లాడికే. కాలేజీ అకౌంట్స్ వాళ్లతో మార్చిలో కాదు, జనవరిలోనే కూర్చోండి.