నలుగురు కూర్చుని ‘కొలిజన్ కోర్స్’ వినే పద్ధతి

పాటల గురించి మాట్లాడుకుందామని స్నేహితులను పిలిస్తే మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే తంతు. ఎవరి గొంతు పెద్దదైతే వారి మాటే అందరి మాటగా చలామణి అయిపోతుంది. అమెరికా రాక్ బ్యాండు లింకిన్ పార్క్, ర్యాపర్ జే-జీ కలిసి 2004లో విడుదల చేసిన ‘కొలిజన్ కోర్స్’ అనే చిన్న ఆల్బమ్ పెట్టిన రోజునే నాకు దానికి విరుగుడు దొరికింది.

ఈ పనికి ఇదే ఎందుకంటే, ఉన్నవి ఆరే ట్రాకులు, అన్నీ కలిపి 21 నిమిషాలు. ఒక్క సాయంత్రంలో రెండుసార్లు వినవచ్చు. పైగా అన్నీ బ్యాండు పాత పాటను జే-జీ పాత పాటతో కలిపి కుట్టిన అతుకులే. అతుకు ఎక్కడ కుదిరింది, ఎక్కడ ఊడింది అని వేలు పెట్టి చూపించవచ్చు.

పిలిచేవాళ్లలో ఒకరైనా రాక్ పిచ్చివాళ్లు, ఒకరైనా ర్యాప్ పిచ్చివాళ్లు ఉండాలి. నాకు గిటారు వాయించే బావమరిది, ర్యాప్ తప్ప మరొకటి వినని ఆఫీసు మిత్రుడు ఉన్నారు. పాటల్లో బూతులున్నాయి కాబట్టి పిల్లలు నిద్రపోయాక మొదలుపెట్టండి. స్పీకరును చెక్కబల్ల మీద పెట్టండి. నేను మొదటిసారి స్టీలు పళ్లెం మీద పెట్టాను. పళ్లెం గలగలమంటుంటే, ఆ తాళాల చప్పుడు ఎంత బాగుందో అని ఒకాయన మెచ్చుకున్నాడు.

ముందు లింకిన్ పార్క్ ‘నమ్’, జే-జీ ‘ఎన్‌కోర్’ అసలు పాటలను విడివిడిగా వినిపించండి. తరువాత ఆ రెండూ కలిసిన ట్రాకు పెట్టండి. అది అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. తలా ఒక చీటీ ఇచ్చి, బాగుందా లేదా అని కాకుండా, ఏ నిమిషం ఏ సెకను దగ్గర మనసు కదిలిందో, ఎక్కడ విసుగు పుట్టిందో రాయమనండి. చీటీలు డబ్బాలో పడ్డాకే మాటలు.

‘నమ్’లోని కీబోర్డు వరస మీద జే-జీ ర్యాప్ నడుస్తుంది. లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ తన పాటను పూర్తిగా ఎత్తుకునేది చివరలోనే. మా బావమరిది చీటీలో ‘సగం పాటదాకా మా బ్యాండు పక్కవాయిద్యమే’ అని ఉంది. ఆఫీసు మిత్రుడు ‘చివరికొచ్చేసరికి జే-జీని మరిచిపోయాను’ అని రాశాడు. ఇద్దరి ఫిర్యాదూ ఒక్క మలుపు మీదే! అలాంటి చోటు దొరికితే వదలకండి, ఆ ముప్పై సెకన్లే మళ్లీ మళ్లీ వేయండి. మేము నాలుగుసార్లు విన్నాం. నాలుగోసారి బావమరిది, ‘సరే, ఆ ఎదురుచూపు వల్లే చెస్టర్ గొంతు అంత లోతుగా తగిలిందేమో’ అన్నాడు.

ఈ పాటకు 2006లో గ్రామీ వచ్చిన సంగతి చీటీలు విప్పేదాకా దాచండి. తెలిస్తే అందరూ మర్యాదగా రాస్తారు. 2017లో చెస్టర్ చనిపోయాడన్నది మాత్రం దాచినా దాగదు. విన్నవాళ్ల ముఖాల్లోనే కనిపిస్తుంది.

మిగతా ట్రాకులకు ఒక్కో మాట చాలు. మూడు పాటలు కలిపిన ఆఖరి ట్రాకు, నా మటుకు నాకు, మూడు కుటుంబాలు ఒకే ఆటో ఎక్కినట్టుంటుంది.

ఓపిక మిగిలితే 1993 నాటి ‘జడ్జ్‌మెంట్ నైట్’ సినిమా ఆల్బమ్‌లో రాక్ బ్యాండు టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, ర్యాప్ బృందం డి లా సోల్ కలిసి చేసిన పాట వేయండి. అది అతుకు కాదు, ఇద్దరూ కలిసి కట్టిన కొత్త పాట.

చీటీలు పారేయకండి. నావి బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ‘ఇన్ ది ఎండ్’ పియానో మీద జే-జీ ర్యాప్ పొసగలేదని అప్పట్లో రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మొన్న మళ్లీ విని, ఆ గీతలు కొట్టేశాను.