సండే స్కూల్ నడుపుతూ మీ విశ్వాసమే నీరసపడితే ఏం చేయాలి

పిల్లల పరిచర్యలో ఉన్నవాళ్లు కాస్త డీలా పడితే సంఘంలో దొరికే సలహా దాదాపు ఒకటే, "ప్రార్థన చేసుకోండి సిస్టర్, ప్రభువు చూసుకుంటాడు" అని. సలహాలో తప్పు లేదు. కానీ నోరు తెరిస్తే ఏం ప్రార్థించాలో కూడా తోచనంతగా అలసిపోయిన మనిషికి అది ఇంకో పని అప్పజెప్పినట్టే ఉంటుంది. అందుకని ఇక్కడ కొంచెం విడమరచి చెప్తాను.

మొట్టమొదట, మీకు వచ్చింది ఏ రకం నిరుత్సాహమో తేల్చుకోండి. ఒంటి అలసటా, ఎవరో అన్న మాటా, పిల్లల్లో ఏ మార్పూ కనిపించడం లేదన్న బెంగా, లేక అసలు దేవుడే దూరమైపోయినట్టు ఉందా? ఈ నాలుగూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, ఆదివారం దగ్గరపడుతుంటే శనివారం సాయంత్రం నుంచే గుండెల్లో బరువు మొదలవుతుంది, కానీ మందు మాత్రం నాలుగింటికీ ఒకటి కాదు. నిద్ర చాలక వచ్చిన విసుగుని విశ్వాసం తగ్గిపోయిందనుకుని ఉపవాసం మొదలుపెట్టేవాళ్లు ఉంటారు, దాంతో ఇంకా కుంగిపోతారు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవుడు ప్రసంగం చేయలేదు, గద్దించలేదు. దూత వచ్చి లేపాడు, అక్కడ అప్పం ఉంది, నీళ్లున్నాయి. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. "ఇక్కడ ఏం చేస్తున్నావు" అన్న ప్రశ్న వచ్చింది ఆ తర్వాతే, నలభై రోజులు నడిచి హోరేబు చేరాక. బయలు దేవతకి మోకరించనివాళ్లు ఇంకా ఏడు వేలమంది మిగిలారన్న మాట ఇంకా చివర్లో వచ్చింది. ఈ వరుస నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. మీది అలసటే అయితే ఈ వారం పాఠం చిన్నది చేసేయండి, క్రాఫ్ట్ మానేయండి, పాత యాక్షన్ సాంగ్సే పాడించండి, రాత్రి త్వరగా పడుకోండి. పిల్లలు అసలు గమనించరు కూడా. అయితే వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆకలి లేకపోయినా, బతకడమే దండగ అనిపిస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అదీ ఆలస్యం చేయకుండా. అది విశ్వాసం లేకపోవడం కిందికి రాదు, ఎవరైనా అలా అంటే వినొద్దు.

ఇక టీచర్లకి ప్రత్యేకంగా వచ్చే ప్రమాదం ఒకటుంది, దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. మీరు ఆఖరుసారి బైబిలు తెరిచి, "ఇది పిల్లలకి ఎలా చెప్పాలి" అని ఆలోచించకుండా ఎప్పుడు చదివారు? తప్పిపోయిన గొర్రె ఉపమానం చదువుతుంటే మనసు వెంటనే దూది, చార్టు, జిగురు అని లెక్కలు వేసేస్తుంది. ఆ గొర్రె నేనే కావచ్చన్న ఊహే రాదు. పైగా చాలా సంఘాల్లో పిల్లల క్లాసు, పెద్దల ఆరాధన ఒకే సమయానికి జరుగుతాయి. అంటే నెలల తరబడి మీరు ప్రసంగం వినలేదు, ఊపిరి పీల్చుకుని ఒక పాట పూర్తిగా పాడలేదు, ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చేయి వేసినా సగం మనసు క్లాసు రూములోనే ఉంది. రోజూ అందరికీ వండి పెట్టి తను మాత్రం నిలబడి నాలుగు మెతుకులు తినే తల్లి పరిస్థితి ఇది. ఆవిడ నీరసపడితే భక్తి లోపం అంటామా?

కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, క్లాసులో ఎప్పటికీ చెప్పబోని భాగం ఏదైనా ఎంచుకుని రోజుకి కొంచెం మీకోసం చదవండి. యిర్మీయా, విలాపవాక్యాలు, హెబ్రీ పత్రిక, ఏదైనా సరే. పెన్ను పక్కన పెట్టుకోకండి, నోట్స్ రాయకండి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టకండి. రెండు, పాస్టరు గారితో మాట్లాడి నెలకి కనీసం ఒక్క ఆదివారం పెద్దల ఆరాధనలో కూర్చునే ఏర్పాటు అడగండి. "ఎవరూ లేరు కదండీ" అన్న జవాబే రావచ్చు. ఆ ఒక్క వారం తల్లిదండ్రుల్లో ఇద్దరు వచ్చి పిల్లలతో ఉంటే సరిపోతుందని మీరే దారి చూపించండి, ఉత్త ఫిర్యాదు కంటే ఇది త్వరగా పనిచేస్తుంది. ఇద్దరు అని ఎందుకన్నానంటే పిల్లల దగ్గర ఒకే పెద్ద మనిషి ఉండకూడదు, అది ఎప్పుడూ పాటించాల్సిన జాగ్రత్త.

ప్రార్థన విషయానికొస్తే, టీచర్లు చేసే తప్పు ఒకటుంది, దేవుడి ముందు కూడా టీచర్లాగే మాట్లాడతారు. పిల్లల ముందు నవ్వుతూ ఉండాలి నిజమే, కానీ ఆ నవ్వు ముఖం దేవుడి దగ్గర అక్కర్లేదు. 13వ కీర్తనలో దావీదు ఎంతకాలం, ఎంతకాలం అని నాలుగుసార్లు అడుగుతాడు. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకట్లోనే ఉండిపోతుంది, మంచి ముగింపంటూ లేదు, అయినా దాన్ని బైబిల్లో ఉంచారు. సంఖ్యాకాండం 11లో మోషే ఏమంటాడో చూడండి, ఈ జనాన్నంతా నేను కన్నానా, ఒక్కడినే మోయలేను, దీనికంటే నన్ను చంపేయి అంటాడు. నలభై మంది పిల్లలతో గోల పడ్డ ఏ టీచరుకైనా ఆ మాటలు కొత్తగా ఉండవు. దేవుడు కోప్పడలేదు, మోషేతో కలిసి భారం మోయడానికి డెబ్బై మంది పెద్దల్ని పోగుచేయమన్నాడు. మీ ప్రార్థన పొడిపొడిగా ఉంటే ఉండనివ్వండి. "ప్రభువా, ఈ వారం నాకు వెళ్లాలని లేదు" అన్నా ప్రార్థనే.

అడగాల్సిన డెబ్బై మంది మన దగ్గర ఉండరు, సరే. ఒక్కరు చాలు. స్టేజీ మీద నుంచి "వాలంటీర్లు కావాలి" అని ప్రకటిస్తే ఎవరూ రారు. ఒక మనిషి దగ్గరికి నేరుగా వెళ్లి, "అక్కా, వచ్చే రెండు నెలలు అటెండెన్స్ మీరు చూస్తారా, ఇంకేం వద్దు" అని చిన్న పని, గడువు పెట్టి అడగండి.

ఫలితం కనిపించని బాధ గురించి. వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిలు తరగతులు) అయ్యాక యేసుని నమ్ముతామని చేతులెత్తిన పిల్లల లెక్క చూసి పొంగిపోవడం, తర్వాతి నెల హాజరు పడిపోతే కుంగిపోవడం, ఈ రెండూ ఒకే తాడు మీద ఊగడమే. మార్కు 4లో విత్తనం చల్లినవాడు నిద్రపోతాడు, లేస్తాడు, అది ఎలా పెరిగిందో అతనికే తెలియదు అంటాడు యేసు. "నేను నాటితిని, అపొల్లో నీళ్లుపోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అని పౌలు. ఈ వాక్యాలు మనం కంఠతా పట్టించి స్టిక్కర్లు కూడా ఇస్తాం, మన విషయానికొచ్చేసరికి వృద్ధి కూడా మన ఖాతాలోనే వేసుకుంటాం! సమూయేలు సంగతే చూడండి, దేవుని మందిరంలోనే పడుకునే పిల్లవాడు, యాజకుడు ఏలీ పెంపకంలో ఉన్నవాడు, అయినా అతను ఇంకా యెహోవాను ఎరగలేదని వాక్యం సూటిగా చెప్తుంది. తనంతట తనుగా దేవుడే పిలిచాడు. ఏలీ చేసిందల్లా మూడోసారికి ఆ పిలుపు ఎవరిదో గ్రహించి, ఏం జవాబు చెప్పాలో నేర్పడం. అది మన ఉద్యోగం, అంతవరకే.

మిషనరీల కథలు చెప్పి ధైర్యపరిచేవాళ్లుంటారు. అదోనీరాం జడ్సన్ 1813లో బర్మా వెళ్తే మొదటి బాప్తిస్మం చూసింది 1819లో. నిజమే, గొప్ప ఓర్పు. కానీ కుంగిపోయి ఉన్న రోజున ఇలాంటివి చదివితే కొందరికి ధైర్యం కంటే "నేనెంత, నా ఓర్పెంత" అన్న అపరాధ భావమే ఎక్కువవుతుంది. అప్పుడు పక్కన పెట్టేయండి. దానికి బదులు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. క్లాసు అవగానే, కుర్చీలు సర్దక ముందే, ఆ రోజు ఒక్క పిల్లవాడు అన్న ఒక్క మాట, తేదీతో సహా రాయండి. "చేప కడుపులో యోనాకి బాత్రూం వస్తే ఎలా టీచర్?" అన్నది కూడా రాయండి. నవ్వుకుని వదిలేసే ప్రశ్నే, కానీ ఆ పిల్లవాడు కథ లోపలికి వెళ్లి కూర్చున్నాడని దాని అర్థం. ప్రార్థన చేసేటప్పుడు ఎప్పుడూ పక్కవాడిని పెన్సిల్‌తో పొడిచే పిల్ల ఒకరోజు "మా నాన్న కోసం చేయండి" అని గుసగుసగా అడిగితే అదీ రాయండి. నిరుత్సాహం మంచి జ్ఞాపకాలని ముందు మింగేస్తుంది, కాబట్టి కాగితం మీద ఉండాలి. వారంలో ఆ పేర్లు పట్టుకుని ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తే, మందగా కనిపించే క్లాసు మళ్లీ మనుషుల్లా కనిపిస్తుంది.

మాటలు పడటం గురించి ఎక్కువ చెప్పను. "పిల్లలే కదా, ఎవరైనా ఆడించొచ్చు" అనేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. చిన్నపిల్లల్ని తెచ్చినవాళ్లని శిష్యులే గద్దించారు, యేసు దానికి కోపపడ్డాడని మార్కు 10లో ఉంది. ఆయన ఎవరి పక్షమో తెలిసిపోయింది కదా. ఏ తల్లో తండ్రో చేసిన ఫిర్యాదులో నిజముంటే సరిచేసుకోండి, లేకపోతే ఆదివారం రాత్రి దాని గురించి మెసేజ్ పెట్టకండి, మంగళవారం దాకా ఆగండి.

అన్నిటికంటే కష్టమైంది సందేహం. ప్రతి వారం "దేవుడు మన ప్రార్థన వింటాడు పిల్లలూ" అని చెప్తూ లోపల ఆ మాట మీద మీకే పట్టు లేకపోతే అది మిమ్మల్ని మెల్లగా తొలిచేస్తుంది. దీన్ని ఒంటరిగా దాచుకోవద్దు. సంఘంలో గుట్టు నిలబెట్టగల, కంగారుపడని పెద్ద మనిషి ఒకరికి ఉన్నదున్నట్టు చెప్పండి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని మార్కు 9లో యేసుని వేడుకున్న తండ్రి ఒకడున్నాడు, అతని కొడుకుని యేసు బాగుచేశాడు, ముందు సందేహం తీర్చుకుని రమ్మనలేదు. అలాగని మీ సందేహాల బరువు పిల్లల మీద పెట్టకండి. వాళ్లు అడిగినదానికి జవాబు తెలియకపోతే "నాకూ తెలియదు, వెతుకుదాం" అంటే చాలు, పిల్లలు దాన్ని గౌరవిస్తారు.

ఇవన్నీ చేశాక కూడా లోపల ఏమీ కదలకపోతే కొన్నాళ్లు విరామం తీసుకోవడం పాపం కాదు. ఉన్నట్టుండి మాయమైపోవద్దు, అంతే. పాస్టరు గారికి ముందుగా చెప్పండి, నడుస్తున్న పాఠాల వరుస ముగించండి, పిల్లలకి మీ నోటితోనే చెప్పండి, లేకపోతే తామేదో తప్పు చేశామనుకుంటారు. తర్వాత వచ్చేవాళ్లకి పుట్టినరోజుల లిస్టు, ఎవరికి ఏ అలర్జీ ఉందో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో రాసివ్వండి. విరామంలో ఆరాధనకి వెళ్లి మధ్య వరసలో మామూలు విశ్వాసిగా కూర్చోండి. ఎవరైనా వచ్చి "ఈ ఒక్క వారం ప్రొజెక్టర్ పెట్టి వెళ్లండి" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు, కుదరదని నవ్వుతూనే చెప్పండి.