మాస్‌ఫెట్‌తో లాజిక్ గేట్లు – 3వ పాఠం: రెసిస్టరు తీసేసి జంట పెడదాం

గత పాఠంలో 2ఎన్7000తో ఎల్‌ఈడీ వెలిగించారు కదా. అది ఎన్-చానెల్ మాస్‌ఫెట్, అంటే గేటు, సోర్సు, డ్రెయిన్ అనే మూడు కాళ్లున్న స్విచ్చులాంటి పార్టు. గేటు తీగ ఊడదీసినా ఎల్‌ఈడీ ఆరకపోవడం చూసి పార్టు పోయిందనుకుని ఉంటారు. పోలేదు. గేటుకీ కింది సిలికానుకీ మధ్య గాజులాంటి ఆక్సైడు పొర ఉంటుంది. గేటు మీదికెక్కిన చార్జికి దిగే దారి లేదు.

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు చూసినవాళ్లు వాటితో పోల్చుకోవచ్చు, కొంతవరకే. అక్కడ తలుపు నీళ్లలోకి దిగి అడ్డుతుంది. ఇక్కడ గేటు అసలు కరెంటు దారిలోకే రాదు. పైనుంచే ఎలక్ట్రాన్లను పైకి లాగి, సోర్సుకీ డ్రెయిన్‌కీ మధ్య అప్పటికప్పుడు కాలువ ఏర్పరుస్తుంది. 2ఎన్7000లో ఇది 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా మొదలవ్వచ్చు. ఒకే ప్యాకెట్లోని రెండింటికీ ఒక్కలా ఉండదు, అందుకే 5 వోల్టులు ఇస్తాం. గేటు నుంచి సోర్సుకి 1 మెగా ఓమ్ వేస్తే చార్జి దిగి ఎల్‌ఈడీ ఆరుతుంది. కళింగపట్నం ఉక్కపోతలో బోర్డు మీది తేమే కొంత చార్జిని దించేస్తుంది. దాన్ని నమ్ముకోవద్దు.

ఇక ఇన్వర్టరు, అంటే ఇన్‌పుట్‌ని తలకిందులు చేసే లాజిక్ గేటు. డ్రెయిన్ నుంచి ప్లస్‌కి 10 కిలో ఓమ్, సోర్సు గ్రౌండుకి, అవుట్‌పుట్ డ్రెయిన్ దగ్గర. గేటుకి 5 ఇస్తే 0 వస్తుంది, 0 ఇస్తే 5. బాగానే ఉంది, కానీ అవుట్‌పుట్ 0లో ఉన్నంతసేపూ రెసిస్టరు 0.5 మిల్లీ ఆంపియర్ తాగుతూనే ఉంటుంది. చిప్‌లో ఇలాంటి లాజిక్ గేట్లు లక్ష ఉంటే లెక్క వేసుకోండి. రెసిస్టరు పెంచితే కరెంటు తగ్గుతుంది, అవుట్‌పుట్ పైకెక్కడం నెమ్మదిస్తుంది. 1963లో ఫ్రాంక్ వాన్లాస్ చూపిన దారి వేరు: రెసిస్టరు స్థానంలో పి-చానెల్ మాస్‌ఫెట్. గేటు వోల్టేజి తన సోర్సు కంటే బాగా తగ్గితేనే అది తెరుచుకుంటుంది. రెండు గేట్లకీ ఒకే ఇన్‌పుట్ ఇస్తే, పైనున్న పి తెరిస్తే కిందున్న ఎన్ మూత, ఎన్ తెరిస్తే పి మూత.

సీడీ4007 అనే 14 కాళ్ల చిప్‌లో ఇలాంటి జంటలు మూడు ఉంటాయి. గాడి ఎడమ వైపు పెట్టుకోండి, కింద ఎడమ మూల 1వ కాలు, దాని ఎదురుగా పైన 14. నాండ్ గేటు ఇలా కట్టండి: 14, 2 కలిపి ప్లస్‌కి, 7 గ్రౌండుకి, 8ని 4కి, 13, 1, 5 మూడూ కలిపితే అవుట్‌పుట్. ఇన్‌పుట్లు 6, 3. కింద ఎన్‌లు వరసగా ఉన్నాయి, రెండూ తెరిస్తేనే గ్రౌండుకి దారి. పైన పి-లు పక్కపక్కన, ఒకటి తెరిచినా ప్లస్‌కి దారే. కాబట్టి రెండు ఇన్‌పుట్లూ 5 అయితేనే అవుట్‌పుట్ 0.

ఎల్‌ఈడీని నేరుగా అవుట్‌పుట్‌కి తగిలిస్తే మసగ్గా వెలిగి వోల్టేజిని కూడా దిగలాగుతుంది. పాత 2ఎన్7000 గేటుని అక్కడ కలిపి, దాని డ్రెయిన్‌లో 470 ఓమ్‌తో ఎల్‌ఈడీ పెట్టండి. చదునైన ముఖం మన వైపుంటే కాళ్లు ఎడమ నుంచి సోర్సు, గేటు, డ్రెయిన్. తిప్పి పెడితే లోపలి డయోడు గుండా ఎల్‌ఈడీ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

ఎక్కువమంది మరిచేది 10వ కాలు, అంటే మూడో జంట ఇన్‌పుట్. వాడకపోయినా గ్రౌండుకి కట్టాల్సిందే. ఇన్‌పుట్ తీగ గాలిలో వేలాడితే, చెయ్యి దగ్గరికి తెచ్చినా మీటరులో అంకె ఊగుతుంది. ఆ మధ్య వోల్టేజిలో పైదీ కిందిదీ రెండూ సగం తెరుచుకుని, ప్లస్ నుంచి గ్రౌండుకి కరెంటు ఊరికే పారుతుంది. 14, 7 తారుమారైతే మాత్రం చిప్ వేలికి కాలేంత వేడెక్కుతుంది. వెంటనే 5 వోల్టులు ఇస్తున్న చార్జరు పీకండి.

వచ్చే పాఠానికి పని: ఇదే చిప్‌తో నార్ గేటు (ఏ ఒక్క ఇన్‌పుట్ 5 అయినా అవుట్‌పుట్ 0 అయ్యేది) కట్టండి. ఈసారి పి-లు వరసగా, ఎన్‌లు పక్కపక్కన. 13ని 2కి కలపడంతో మొదలుపెట్టండి, 4వ కాలిని గ్రౌండుకి మార్చడం మరవకండి.