తాత బంగారు వాచీ నిజంగా బంగారమేనా, ఎంత చేస్తుంది? తెలుసుకోవడం ఇలా

బీరువా లాకర్లో దస్తావేజుల కింద పాత వాచీ ఒకటి బయటపడితే ఇంట్లో అందరూ ఒకే మాట అంటారు: "అది బంగారుది, తాతకు పెళ్ళిలో మామగారు పెట్టింది." నిజమే కావచ్చు. కానీ మన ఇళ్లలో బంగారు వాచీగా పేరుపడ్డవి చాలావరకు బంగారు పూతవే. ఒకవేళ అసలు బంగారానిదే అయినా, కరిగిస్తే వచ్చే ధర వేరు, వాచీగా అమ్మితే వచ్చే ధర వేరు. ఈ తేడా తేల్చుకోకుండా తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు బజారు వీధిలోనో నేరుగా కాటా మీద పెట్టిస్తే నష్టం మీదే.

ముందుగా, చేయకూడనివి

తుడవకండి, పాలిష్ పెట్టించకండి. కుంకుడు రసం, టూత్‌పేస్టు అసలొద్దు. డయల్ మీది మచ్చ చూసి "కొత్తగా రంగేయిస్తా సార్" అని ఎవరన్నా అంటే వద్దనండి. పాత వాచీలు కొనేవాళ్లు రంగు మాసినా సరే అసలు డయల్‌కే డబ్బులిస్తారు. మళ్లీ పెయింటు వేసిన డయల్ కనిపిస్తే ధర అక్కడే సగానికి దిగొచ్చు.

బంగారమో కాదో చూద్దామని అయస్కాంతం పెట్టేవాళ్లున్నారు. ఇత్తడి కూడా అయస్కాంతానికి అంటదు కాబట్టి దానివల్ల తేలేదేమీ లేదు. పైగా లోపలి సన్నటి స్ప్రింగుకు అయస్కాంతశక్తి పట్టి, నడిచే వాచీ కాస్తా పరుగులు పెడుతుంది. లోపల నూనె ఎండిపోయి ఉంటుంది కనుక కీ కూడా నిండా ఇవ్వొద్దు, రెండు మూడు చుట్లు చాలు.

ఇంకో జాగ్రత్త. ముళ్ళమీద, అంకెలమీద గోధుమరంగుకు తిరిగిన పాత పొడి ఉంటే అది రేడియం కావచ్చు. 1960ల ముందు చీకట్లో మెరవడానికి అదే వాడేవారు. అద్దం తీసి గీకడం, ఊదడం చేయకండి.

పైనుంచి చూసి తెలిసేవి

పట్టీ తగిలించే నాలుగు కొమ్ముల చివర్లను భూతద్దంతో చూడండి. చొక్కా చేతికి రాసుకుని ముందు అరిగేవి అవే. అక్కడ తెల్లగానో ఇత్తడి రంగులోనో వేరే లోహం తొంగిచూస్తే పూతే. ఇంకేమీ చూడక్కర్లేదు. గట్టి బంగారమైతే ఎంత అరిగినా ఒకటే రంగు.

వెనక మూత మీద 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే పైభాగం దాదాపు ఎప్పుడూ పూతే. 'గోల్డ్ ఫిల్డ్', 'రోల్డ్ గోల్డ్', 'ప్లాకే ఓర్', '20 మైక్రాన్స్' ఇవన్నీ పూతకు పేర్లే. '14కె గోల్డ్ ఫిల్డ్' అని ఉంటే ముందున్న 14 చూసి మోసపోకండి, ఆ 14 పై పొరకే వర్తిస్తుంది.

డయల్ మీద '17 జ్యువెల్స్' అని ఉంటే పదిహేడు రాళ్లు పొదిగారని సంబరపడే పెద్దవాళ్లు నాకు తెలుసు. అవి చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే కృత్రిమ కెంపులు. విడిగా వాటికి విలువంటూ ఏమీ ఉండదు.

వెనక మూత తీయించడం

ఇది వాచీ మెకానిక్ పని, నగల షాపు పని కాదు. కత్తి పెట్టి ఎత్తితే మూత అంచు నొక్కుకుపోతుంది. సరైన పనిముట్లున్న పాత మెకానిక్ దగ్గర కూర్చుని, "అన్నా, మూత తీసి చూపించు చాలు, ఏమీ తుడవద్దు" అని చెప్పండి. లోపల కనిపించిన ప్రతిదీ ఫోన్లో దగ్గరగా ఫొటో తీయండి.

మూత లోపలివైపు వెతకాల్సినవి ముద్రలు. స్విస్ వాచీలలో 18 క్యారెట్లకు స్త్రీ తల ముద్ర, 14 క్యారెట్లకు ఉడుత ముద్ర ఉంటాయి. ఇవి 1880 నుంచి 1995 దాకా నడిచాయి. ఆ తర్వాత సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. పక్కనే 0.750 లేదా 0.585 అని అంకె ఉంటుంది. ఇంగ్లండులో చేసిన కేసుల్లో (కేసు అంటే మిషన్‌ను పట్టి ఉంచే బయటి లోహపు డబ్బా) 9 క్యారెట్లు చాలా మామూలు. వాటి మీద 375 అంకె, బర్మింగ్‌హామ్‌లో పరీక్షించి ఉంటే లంగరు బొమ్మ, ఏ ఏడాదిదో చెప్పే అక్షరం ఉంటాయి.

ముద్రల చుట్టూ సూదితో గీసినట్టు సన్నటి అక్షరాలు, తేదీలు కనిపిస్తే కంగారుపడకండి. రిపేరు చేసిన మెకానిక్కులు గుర్తు కోసం గీసుకున్నవి. వాటిలో అన్నిటికన్నా పాత తేదీ చూస్తే, అప్పటికే ఆ వాచీ చేతిమీద తిరుగుతోందని తెలుస్తుంది.

నగల షాపువాళ్లు హెచ్‌యూఐడీ (నగల హాల్‌మార్కుతో పాటు వేసే గుర్తింపు నంబరు) లేదు కాబట్టి బంగారం కాదంటే ఒప్పుకోకండి. నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేసిన 2021 నాటి ఉత్తర్వులోనే వాచీలకు మినహాయింపు ఉంది. పాత విదేశీ వాచీకి ఆ నంబరు ఉండే అవకాశమే లేదు.

బంగారం పరీక్ష, లెక్క

ముద్రలు చెరిగిపోతే ఎక్స్ఆర్ఎఫ్ మిషన్లో (ఎక్స్-రేలతో లోహం ఏమిటో చెప్పేది) పెట్టించండి. అయితే ఆ మిషన్ పైపొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే అదీ బోల్తా పడుతుంది. అందుకని మూత లోపలివైపు, కొమ్ముల అడుగున, అరిగిన చోట, ఇలా రెండు మూడు చోట్ల చూపించమని అడగండి. గీటురాయి మీద రుద్దనివ్వకండి, గీత పడుతుంది.

తూకం మొత్తం వాచీకి వేయకూడదు. వాచీ లోపలి మిషన్, అద్దం, డయల్, స్ట్రాపు తీసిన ఖాళీ కేసే లెక్క. ఉదాహరణకు కేసు 12 గ్రాములు, ముద్ర 750 (వెయ్యి పాళ్లలో 750 బంగారం) అనుకుందాం. అందులో మేలిమి బంగారం 9 గ్రాములు, అంటే సవర మీద ఒక గ్రాము. అదే 375 అయితే నాలుగున్నర గ్రాములే. దీన్ని ఆ రోజు 24 క్యారెట్ల ధరతో గుణించాలి, షాపు బోర్డు మీది 22 క్యారెట్ల ధరతో కాదు. కరిగించినందుకు కొంత కోస్తారు. వచ్చిన మొత్తాన్ని కాగితం మీద రాసుకోండి. ఎవరడిగినా దానికి తక్కువకు ఇవ్వొద్దు.

వాచీగా ధర

కంపెనీ పేరు, కేసు మీది మోడల్ నంబరు, మిషన్ మీది నంబరు కావాలి. ఒమేగాకు సీరియల్ నంబరు మిషన్ మీద ఉంటుంది. కోటి దగ్గరి నంబరు 1944 ప్రాంతానిది, రెండు కోట్ల దగ్గరిది 1963 ప్రాంతానిది. పాత రోలెక్సుకైతే పట్టీ తీశాక ఆరు గంటల వైపు కొమ్ముల మధ్యన చూడాలి. లాంజీన్స్ కంపెనీ పాత రిజిస్టర్లు దాచుకుంది, నంబరు రాసి పంపితే వెతికి చెబుతారు.

డయల్ పేరు, మిషన్ పేరు, కేసు లోపలి పేరు మూడూ కలవాలి. మూడూ మూడు కంపెనీలవైతే ఎప్పుడో అతికించిన వాచీ కావచ్చు. అప్పుడు కేసు బంగారం విలువే మిగులుతుంది. ఆడవాళ్ల చిన్న బంగారు వాచీలకు కూడా మామూలుగా బంగారం ధరకు మించి పలకదు.

ధర కోసం ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో అమ్ముడుపోయిన వాటినే వడకట్టి చూడండి. అడిగే ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. అదే మోడల్, అదే లోహం, అదే స్థితిలో ఉన్నవి నాలుగైదు దొరికితే ఒక అంచనా వస్తుంది. శ్రీవారి హుండీలో పడ్డ వాచీలను టీటీడీ లాట్లు కట్టి ఈ-వేలం వేస్తుందని మనూళ్లో అందరికీ తెలుసు. ఆ ధరలతో మీ వాచీని పోల్చొద్దు, అక్కడ గుత్తగా పోయేవి ఎక్కువగా రోజువారీ వాచీలు.

బిల్లు, పెట్టె, తాత చేతిమీద వాచీ కనిపించే స్టూడియో ఫొటో ఉంటే దానితో పాటే ఉంచండి. కొనేవాడి నమ్మకం పెరుగుతుంది, ధర కూడా కొంత కదులుతుంది.

అన్నదమ్ముల మధ్య పంపకమైతే ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ చేత తేదీ వేసిన కాగితం తీసుకోండి. వాచీ ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బిచ్చే ఏర్పాటులో బంగారం విలువ, వాచీ విలువ విడివిడిగా రాయించడం మంచిది. అమ్మేస్తే ఆడిటర్ని రెండు విషయాలు అడగండి: వ్యక్తిగత వస్తువులకుండే పన్ను మినహాయింపు బంగారు వాచీకి వర్తిస్తుందా, వర్తించకపోతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చా. ఆ తేదీకి ముందే తాత కొన్నదని చూపించడానికి ఆ పాత బిల్లు, ఫొటో మళ్లీ పనికొస్తాయి.