వీధి వాన లెక్క (బుడమేరు పాఠాలు – 3)

పోయిన పాఠంలో వీధి నీటి హద్దు గీశాం. ఏ డాబా నీళ్లు ఏ సైడు కాలువలో పడతాయో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాం. ఆ కాగితం, ఒక టేపు, పది మీటర్ల తాడు దగ్గర పెట్టుకోండి. గట్టి వాన కొడితే ఆ హద్దులోంచి ఎన్ని నీళ్లు దిగుతాయి, కాలువ ఎన్ని మోస్తుంది అన్నదే ఈసారి లెక్క. ఈ రెండు అంకెలూ చేతిలో లేకుండా ‘కాలువ వెడల్పు చేయండి’ అని అర్జీ పెట్టినా, జవాబు చెప్పేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఉదాహరణకు విజయవాడలో బుడమేరు వాగు పక్కనున్న అజిత్‌సింగ్ నగర్ వైపు రెండు హెక్టార్ల ముక్క తీసుకుందాం. అంటే దాదాపు అయిదెకరాలు, 20,000 చదరపు మీటర్లు. అందులో డాబాలు 9,000, సిమెంటు రోడ్లు, వాకిళ్లు 7,000, ఖాళీ స్థలాలు, మట్టి 4,000 అనుకుందాం. డాబా మీద పడ్డ నీటిలో సుమారు 0.9 వంతు, సిమెంటు మీద 0.85, మట్టి మీద 0.3 వంతు పారుతుంది. ఈ వంతును పారుదల గుణకం అంటారు. ఒక్కో వైశాల్యాన్ని దాని గుణకంతో గుణించి కూడితే 15,250. దాన్ని 20,000తో భాగిస్తే 0.76. నల్లరేగడి పూర్తిగా నానాక పగుళ్లు మూసుకుపోతాయి, మట్టి గుణకం 0.5 దాటవచ్చు. వరసగా రెండు మూడు రోజులు ముసురు పట్టాక వచ్చే వానకు ఆ పెద్ద అంకెనే వాడండి.

ఇప్పుడు అసలు సూత్రం: గుణకం × వాన తీవ్రత (గంటకు మిల్లీమీటర్లు) × వైశాల్యం (హెక్టార్లు) ÷ 360. వచ్చేది సెకనుకు ఘనపు మీటర్లలో ఉంటుంది. గంటకు 50 మి.మీ. పోత అయితే 0.76 × 50 × 2 ÷ 360 = 0.211. సెకనుకు 211 లీటర్లు. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు: హెక్టార్ల చోట ఎకరాలు వేస్తారు, లేదా రోజు మొత్తం వానను గంట తీవ్రతగా పట్టుకుంటారు. రోజులో 50 మి.మీ. పడటం వేరు, అదే గంటలో పడటం వేరు.

రెండో అంకె కాలువది. ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు (0.45 మీ. చొప్పున) ఉన్న సిమెంటు కాలువ అనుకోండి. ముందు వాలు చూడాలి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపులో నీళ్లు నింపి, 30 మీటర్ల దూరంలో రెండు చోట్ల పట్టుకుని తేడా కొలవండి. 3 సెం.మీ. తేడా ఉంటే వాలు వెయ్యికి ఒకటి. పైపులో గాలి బుడగ మిగిలితే తేడా మొత్తం అబద్ధం అవుతుంది, బుడగ పోయేదాకా నీళ్లు వదలండి. నది పక్కన చదునుగా ఉన్న ఈ నేలలో చాలా వీధులకు ఇంతకంటే ఎక్కువ వాలు దొరకదు.

వేగం = (తడి వైశాల్యం ÷ తడి చుట్టుకొలత)కు 2/3 ఘాతం × వాలు వర్గమూలం ÷ 0.015. ఈ 0.015 సిమెంటు గరుకుదనానికి వాడే అంకె. నిండుగా పారితే తడి వైశాల్యం 0.2025, అడుగు, రెండు గోడలు కలిపి చుట్టుకొలత 1.35 మీ. వేగం సెకనుకు 0.59 మీ. వైశాల్యంతో గుణిస్తే దాదాపు 120 లీటర్లు. వచ్చేది 211, మోసేది 120. మిగతా 91 లీటర్లు రోడ్డెక్కుతాయి.

అదే కాలువలో అరడుగు పూడిక చేరితే లోతు 0.30 మీ. మిగులుతుంది. లెక్క మళ్లీ వేస్తే సుమారు 72 లీటర్లే వస్తాయి. మూడో వంతు లోతు పోతే సామర్థ్యం 40 శాతం పోయింది. పూడిక తీసి గట్టు మీదే పోసే అలవాటుంది కదా, ఆ కుప్ప మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది.

లెక్క సరిపోయిందో లేదో వాన వెలిసాక చూసుకోవచ్చు. కాలువలో బెండు ముక్క వేసి, పది మీటర్లు పోవడానికి పట్టిన సెకన్లు లెక్కపెట్టండి. 14 సెకన్లు పడితే పై నీటి వేగం 0.71. దాన్ని 0.85తో గుణిస్తే 0.6 మీ., సగటు వేగం. నీళ్లు కాలువ దాటి రోడ్డెక్కినప్పుడు మాత్రం కొలతకు దిగకండి. మూత లేని మ్యాన్‌హోల్ నీళ్ల కింద కనిపించదు.

ఇక డాబాల మీద నీళ్లు. సగం డాబాలు, అంటే 150 చదరపు మీటర్ల (180 గజాల) ఇళ్లు 30 ఉన్నాయనుకుందాం. వాటి నీటిని ఆపితే సెకనుకు 56 లీటర్లు తగ్గుతాయి. అరగంట పోతకు ఒక్కో ఇంటికి దాదాపు 3,400 లీటర్లు పట్టే చోటు కావాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు ఇంకుడు గుంత చాలనుకుంటారు. అందులో రాళ్లు నింపాక ఖాళీ 40 శాతం, అంటే 800 లీటర్లు. ఏడు నిమిషాల్లో నిండుతుంది, రేగడిలో అంత త్వరగా ఇంకదు. అందుకే సంపు ముందు, పొర్లే నీటికే గుంత. పునాదికి మూడు మీటర్ల దూరం, ముందు ఒండ్రు ఆపే చిన్న తొట్టి తప్పనిసరి. మురుగును దీంట్లో కలపకూడదు.

ఈ లెక్క ఒక్కచోట పనికిరాదు. మైలవరం కొండల నుంచి వచ్చే నీటిలో కొంత వెలగలేరు దగ్గర కృష్ణ వైపు మళ్లుతుంది, మిగతాది బుడమేరులో కొల్లేరుకు పోతుంది. బుడమేరు నిండుగా ఉంటే మన కాలువ తూము మునిగిపోతుంది, నీళ్లు వెనక్కి తన్నుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగినప్పుడు వీధి కాలువ వెడల్పు ఎంతున్నా తేడా ఉండేది కాదు. దాని సంగతి నాలుగో పాఠంలో చూద్దాం. ఈలోపు మీ వీధి వైశాల్యాలు మూడు, కాలువ వెడల్పు, పూడిక తీయకముందు లోతు, 30 మీటర్లకు వాలు రాసుకోండి. మీ కాలువ తూము అడుగు భాగం కంటే, అది కలిసే చోట పారే నీటి మట్టం ఎంత కిందో, పైనో కూడా కొలవండి. వచ్చే పాఠంలో అది లేకపోతే ముందుకు పోలేం.