నడుము నొప్పికి ఫోన్ కోచింగ్: టార్గెట్ ఎట్ల సరిచేసినం

ఫోన్ కోచింగ్ అంటే అడుగులు లెక్కపెట్టి, నడువుమని మెసేజ్ పంపే యాప్. మొదటి రోజే పదివేల అడుగులు నడువాలంటే నడుము నొప్పి మనిషి మూడో రోజుకే నోటిఫికేషన్లు బంద్ చేస్తడు. అందుకే 7 రోజులు టార్గెట్ లేకుండ లెక్క మాత్రమే చూడాలె. రోజుకు సగటు 2,400 అడుగులు వస్తే, వచ్చే వారం టార్గెట్ 2,650. అంతే.

అంకెలు సగమే పడుతున్నయా? ఫోన్‌ల ఉండే బ్యాటరీ సేవర్, అడుగులు లెక్కపెట్టే యాప్‌ను ఆపేస్తుంటది. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌ల ఆ యాప్ బ్యాటరీ వాడకానికి 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టాలె. ఫోన్ చార్జింగ్‌కు పెట్టి ఇల్లంత తిరిగితే మాత్రం ఏ సెట్టింగూ ఆదుకోదు.

ఎండకాలం వరంగల్‌ల సాయంత్రం 4కు "నడువుండ్రి" అంటే ఎవరింటరు? మెసేజ్ పొద్దున 6కు మార్చినం: "భద్రకాళి బండ్ మీద 10 నిమిషాలు చాలు." పెరిగిన నొప్పి మరునాటికీ దిగకపోతే టార్గెట్ ఒక మెట్టు తగ్గించాలె, మంచం పట్టొద్దు. మూత్రం మీద పట్టు తప్పినా, కాలు బలం తగ్గినా యాప్ పక్కనపెట్టి వెంటనే దవాఖానకు పోవాలె.